వయసుకు వంద కలిపితే బీపీ లెక్క తేలదు

వాట్సాప్‌లో ఏళ్ళుగా తిరుగుతున్న ఒక సందేశం సారాంశం ఇది: వయసుకు 100 కలిపితే వచ్చేదే మీ నార్మల్ బీపీ. 120/80 అనేది మందుల కంపెనీలు పుట్టించిన అంకె. ఇంటి మిషన్ పూటకో రీడింగు చూపిస్తుంది కాబట్టి నమ్మొద్దు. తలనొప్పి, కళ్ళు తిరగడం లేకపోతే బీపీ లేనట్టే.

"60 ఏళ్ళకి 160 మామూలే"

వయసుతో పై అంకె పెరగడం నిజమే. గుండె నెత్తురు తోసినప్పుడల్లా సాగాల్సిన పెద్ద ధమనులు గట్టిపడతాయి, దాంతో పై అంకె (సిస్టాలిక్) పెరుగుతుంది. కింది అంకె యాభై, అరవై దాటాక తగ్గుతూ వస్తుంది కూడా. కానీ నలుగురికీ ఉన్నంత మాత్రాన అది హాని లేనిది అయిపోదు. అరవైలో పుచ్చిపళ్ళు ఎందరికి ఉండవు! ఈ లెక్క ప్రకారం 80 ఏళ్ళవారికి 180 నార్మల్ అన్నమాట. 2008లో ఫలితాలు వెలువడిన హైవెట్ పరిశోధనలో 80 దాటి, పై అంకె 160 లేదా అంతకు మించి ఉన్నవారికి 150/80 లక్ష్యంగా మందులిచ్చారు. మందు లేని మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే వారిలో మరణాలు, గుండె వైఫల్యం తగ్గాయి.

"120/80 కంపెనీల కుట్ర"

ఎంత దాటితే బీపీ ఉన్నట్టు, ఆ గీత ఎక్కడ గీయాలన్నది వైద్యుల మధ్య నిజంగానే వాదన ఉన్న విషయం. అమెరికా సంఘాలు 2017లో 130/80కి దించాయి, మన ప్రభుత్వ కార్యక్రమంలో 140/90 వాడుతున్నారు. ఎవరి గీత ప్రకారం చూసినా 160 ఆ గీతకు పైనే ఉంటుంది. పైగా 120 దాటగానే మాత్ర రాయమని ఎవరూ చెప్పలేదు. ఎక్కువగా రాసే బీపీ మాత్ర అమ్లోడిపిన్ పేటెంటు ఎప్పుడో తీరిపోయింది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు.

"ఇంటి మిషన్ అబద్ధం చెబుతుంది"

చాలావరకు తప్పు మిషన్‌ది కాదు, కొలిచే తీరుది. ఈ మిషన్ చేతికి చుట్టిన పట్టీలో గాలి తగ్గుతున్నప్పుడు నాడి వల్ల కలిగే అదురును పట్టుకుని, పై, కింది అంకెలను లెక్కగడుతుంది. మాట్లాడినా చెయ్యి కదిపినా లెక్క చెదురుతుంది.

పట్టీలోని గాలి సంచి పొడవు చేతి చుట్టుకొలతలో 80 శాతం ఉండాలి. మామూలు పట్టీలు ఎక్కువగా 22-32 సెంటీమీటర్ల చేతికి సరిపోతాయి. అంతకన్నా లావు చేతికి అదే చుడితే లేని బీపీ కనిపిస్తుంది. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. 10 సెంటీమీటర్లు కిందికి వేలాడితే దాదాపు 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. చొక్కా చేతి మీద చుట్టకూడదు, చొక్కాను బిగుతుగా పైకి మడిచి కట్టకూడదు.

కాఫీ, సిగరెట్, వ్యాయామం తర్వాత అరగంట ఆగండి. మూత్రానికి వెళ్ళొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. తర్వాత నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఇలా పొద్దున మాత్రకు ముందు, మళ్ళీ సాయంత్రం, ఏడు రోజులు రాసి, మొదటిరోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. సగటు 135/85 లేదా ఆపైన ఉంటే ఆ కాగితంతో డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ చూపిన చేతినే ఆ తర్వాత వాడాలి.

"లక్షణాలు లేకపోతే బీపీ లేదు"

చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. 180/120 చూపిస్తే అయిదు నిమిషాలాగి మళ్ళీ చూడండి. దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు చచ్చుబడటం ఉంటే మళ్ళీ చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

పెద్దవాళ్ళకి మందులతో బీపీ మరీ పడిపోతుందన్న భయానికి మాత్రం ఆధారం ఉంది. దాన్నీ కొలిచే తెలుసుకోవచ్చు: కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడండి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడితే డాక్టర్‌కి చూపించి మోతాదు మార్పించుకోవాలి, మాత్ర సొంతంగా మానేయకూడదు.