ఇది ఆటలో భాగం కాదు

డబ్బులిచ్చి మరీ గదిలో బందీలయ్యే సరదా ఒకటుంది. ఎస్కేప్ రూమ్ అంటారు. 2007లో జపాన్‌లోని క్యోటోలో మొదలై లోకమంతా పాకింది. ఒక గదిలో పడేసి గంట టైమిస్తారు. క్లూలు వెతికి, తాళాలు విప్పి బయటపడాలి. జట్టుకు మనుషులు చాలకపోతే ముక్కూమొహం తెలియనివాళ్లను కలిపేస్తారు. అసలు చిక్కుముడి అక్కడే.

మా జట్టులో ఐదుగురం. ఒక జంట, ఇలాంటి గదులు చాలా చూశానన్న కుర్రాడు, కొడుకు టికెట్ కొని పంపిన పెద్దాయన, నేను.

కుర్రాడు వస్తూనే సేనాధిపతి అయిపోయాడు. గోడ మీది స్విచ్‌బోర్డుకు 'ఇది ఆటలో భాగం కాదు' అని స్టిక్కర్ ఉంది. "చూశారా, మనల్ని తప్పుదారి పట్టించడానికే!" అంటూ దాన్ని ఊడబీకబోయాడు. కెమెరాలో చూస్తున్న గేమ్ మాస్టర్ మైకులో బతిమాలింది: "సార్, అది నిజంగా స్విచ్‌బోర్డే."

ఇంతలో తివాచీ కింద నాలుగంకెలు దొరికాయి. "ఈ తేదీ గుర్తుందా?" అని భార్య అడిగింది. భర్త ఆలోచించాడు. ఇంకా ఆలోచించాడు. "మనం మొదటిసారి కలిసిన రోజు!" అందావిడ. నాలుగంకెల తాళానికి పదివేల అవకాశాలుంటాయి. పాపం, ఆయనకు ఒక్కటీ మిగల్లేదు.

ఆ గొడవలో పెద్దాయన మాయమయ్యాడు. బీరువాలో లేడు, బల్ల కింద లేడు. "ఇదీ ఆటే! ఒకర్ని ఎత్తుకెళ్తారు, మిగతావాళ్లు కనిపెట్టాలి" అన్నాడు కుర్రాడు. ఆలుమగలు అలకలు మాని కర్టెన్లు దులిపారు. నేను గోడల మీద తట్టి చూస్తున్నాను, రహస్య ద్వారం కోసం.

పెద్దాయన మామూలు ద్వారం తోసుకుని లోపలికొచ్చాడు, చేతులు తుడుచుకుంటూ.

"ఏం వెతుకుతున్నారు బాబూ?"

"మిమ్మల్నే! ఎలా వెళ్లారండీ?"

"బాత్రూమ్‌కి. తలుపుకు తాళం వెయ్యరనీ, అవసరమైతే తోసుకుని రావచ్చనీ ఆ అమ్మాయి ముందే చెప్పిందిగా? అప్పుడు మీరు సెల్ఫీలు దిగుతున్నారు."

కుర్రాడు తేరుకుని కెమెరా వైపు తిరిగాడు. "మేడమ్, అయితే మేం గెలిచినట్టేనా?"

మైకులో నవ్వు ఆపుకుంటున్న గొంతు వినిపించింది.

"ఆయన గెలిచారు సార్. మీ నలుగురికీ ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది."