సవరణ: 29బి పత్రం ఉంటే ఇళ్ల మధ్య కార్ల షోరూమ్ పెట్టుకోవచ్చని రాసింది తప్పు

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్ల గురించి పోయినవారం రాస్తూ, రవాణా శాఖ ఇచ్చే ఫారం 29బి చేతిలో ఉంటే, కార్లు రోడ్డు మీద కాకుండా లోపలే పెట్టి అమ్మితే, కాలనీలో ఎక్కడైనా షోరూమ్ తెరవొచ్చన్నాను. అది తప్పు. నన్ను నమ్మి ఎవరైనా అడ్వాన్స్ కట్టేస్తారేమోనని ఉదయం నుంచీ ఒకటే టెన్షన్.

29బి అనేది డీలర్‌కు ఇచ్చే గుర్తింపు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2022 డిసెంబర్‌లో చేసిన సవరణతో వచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, ఐదేళ్లు చెల్లుతుంది. కారు ఎవరి బాధ్యతలో ఉంది, టెస్ట్ డ్రైవ్‌కు ఎవరు తీసుకెళ్లారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది లాంటివి దాని పరిధి. ఆ స్థలంలో వ్యాపారం చేయొచ్చా లేదా అన్నది అందులో ఉండదు.

అది తేల్చేవి నగర మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలానికి రాసిన భూవినియోగం (ఇళ్లకా, వ్యాపారానికా అన్నది), భవనానికి మంజూరైన ప్లాన్. వ్యాపారం నడపడానికి మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్స్ వేరే.

'లోపలే కదా' అన్న నా మాటే అసలు పొరపాటు. మా వీధిలో ఒక అపార్ట్‌మెంట్ స్టిల్ట్‌లో (పార్కింగ్ కోసం పిల్లర్ల మధ్య వదిలే కింది భాగంలో) పదకొండు కార్లు అమ్మకానికి పెట్టారు. అద్దాల మీద సున్నంతో ధరలు రాసున్నాయి. ఆ ఫ్లాట్ల వాళ్ల బండ్లేమో బయట రోడ్డు మీద. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపిన చోటును అమ్మకాలకు వాడకూడదు. అద్దె ఒప్పందం మీద సంతకం చేసేముందు మంజూరైన ప్లాన్ కాపీ అడిగి చూడండి.