మారుమనస్సు: ముందు మీరు కానివ్వండి

నమ్ముకుంటే దేవుణ్ణి నమ్ముకోవాలి, నాయకుల్ని కాదు. ఈ విషయంలో గోదావరి డెల్టా క్రైస్తవులకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు దొరలు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి, నర్సాపురం ప్రాంతంలో సువార్త చెప్పిన రోజుల నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాం. ఎంత గట్టిగా నమ్మామంటే, ఈసారి ఉజ్జీవ సభల ఫ్లెక్సీ మీద ఆ వాక్యమే వేయించాం. "రాజులచేతనైనను నరులచేతనైనను రక్షణ కలుగదు, వారిని నమ్ముకొనకుడి." 146వ కీర్తన. ఫ్లెక్సీకి అట్టడుగున, షామియానా సప్లయర్స్ ఫోన్ నంబరు పక్కన ఉంది. దగ్గరకెళ్ళి కాస్త వంగితే చక్కగా చదువుకోవచ్చు.

పైనంతా ఖాళీగా వదిలేస్తే బాగోదు కాబట్టి ఎమ్మెల్యే గారి ఫొటో వేశాం. ఆయన పక్కన, కిందటిసారి ఓడిపోయిన మాజీ గారి ఫొటో కూడా అదే సైజులో వేశాం. రేపు ఎవరు గెలుస్తారో దేవుడికి తప్ప ఎవరికి తెలుసు? విశ్వాసం అంటే అదే. పరిశుద్ధాత్మకు గుర్తుగా పెట్టిన పావురానికి మాత్రం చోటు చాలలేదు. దాని ఎడమ రెక్క మండల పార్టీ అధ్యక్షుడి భుజం వెనక్కి పోయింది.

రాజుల సంగతి బైబిల్లో లేక కాదు. మాకొక రాజు కావాలని ఇశ్రాయేలీయులు పట్టుబట్టినప్పుడు సమూయేలు ప్రవక్త ముందే హెచ్చరించాడు. ఆ రాజు మీ కొడుకుల్ని తన పనికి పెట్టుకుంటాడు, మీ పొలాల్లో, తోటల్లో మంచివి లాక్కుని తన మనుషులకిస్తాడు, మీ పంటలో పదోవంతు పట్టుకుపోతాడు అన్నాడు. మా పాస్టరు అయ్యగారు ఇది చదివినప్పుడు సంఘం గడగడ వణుకుతుందని అనుకున్నారు పాపం. వెనక వరసలో కౌలురైతు ఒకాయన "పదోవంతేనాండీ?" అని అడిగాడు. ధాన్యంలో తేమ 17 శాతం దాటిందని మిల్లు దగ్గర బస్తాకింత తరుగు తీయించుకుని వచ్చినవాడికి సమూయేలు చెప్పిన రాజు ధర్మప్రభువులా కనబడ్డంలో వింతేముంది?

నాయకుడికి దండ వేస్తే తప్పేంటని అడిగేవాళ్ళు వెంటనే కాటన్ దొరను చూపిస్తారు. నిజమే, డెల్టాలో ఆయన విగ్రహం లేని సెంటర్ వెతుక్కోవాలి. కానీ ఆ దొర 1847లో పని మొదలుపెట్టి, 1852 కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. దండలు తర్వాత పడ్డాయి. ఇప్పుడు శంకుస్థాపనకే పడుతున్నాయి, అంతే తేడా.

ఇక విజ్ఞాపన ప్రార్థన. అంటే ఇతరుల పక్షాన దేవుడి దగ్గర నిలబడి అడగడం. దేవుడు నాశనం చేయబోయిన సొదొమ పట్టణం కోసం అబ్రాహాము, యాభైమంది నీతిమంతులుంటే వదిలెయ్యమని మొదలుపెట్టి, పదిమంది దాకా బేరమాడాడు. మేమూ ఆ సంప్రదాయంలోనే ఉన్నాం. రాజుల కోసం, అధికారులందరి కోసం ప్రార్థించమని పౌలు రాశాడు కాబట్టి ఎమ్మెల్యే గారు వచ్చి స్టేజీ మీద సోఫాలో కూర్చోగానే సంఘమంతా లేచి నిలబడి చేతులు చాపింది. సంఘపెద్ద గారు మైకు అందుకున్నారు. "ప్రభువా, ఈ నీ దాసుణ్ణి జ్ఞాపకం చేసుకో. మా మందిరం ప్రహరీ సంగతి ఈయనకు జ్ఞాపకం చెయ్యి. ఎస్టిమేటు ఆరున్నర లక్షలని నీకు తెలుసు తండ్రీ. రోడ్డు వైపు గేటుతో కలిపి అని కూడా నీకు తెలుసు." అందరూ కళ్ళు మూసుకున్నారు. పీఏ గారు మాత్రం కళ్ళు తెరిచే ఉండి నోట్ చేసుకున్నారు. ప్రార్థన అయ్యాక ఎమ్మెల్యే గారు "చూద్దాం" అన్నారు. "ఆయ్" అంది సంఘం. ఇంత త్వరగా జవాబొచ్చిన ప్రార్థన ఈమధ్య కాలంలో లేదు.

అసలు మారుమనస్సు సభలని ప్రకటించాం కాబట్టి పాపాలు ఒప్పుకునే కార్యక్రమం కూడా పెట్టాం. కేంద్రం పాపాలు, రాష్ట్రం పాపాలు, సినిమావాళ్ళ పాపాలు, సెల్‌ఫోన్ వదలని పిల్లల పాపాలు కన్నీళ్ళతో ఒప్పేసుకున్నాం. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా దగ్గర ఆ పిడికెడు ఎవరి చేతిలోనూ నిలవదు, పక్కవాడికి వెళ్ళిపోతుంది. ప్రాకారం బద్దలైన చోట నిలబడేవాడు ఒక్కడూ కనబడలేదని యెహెజ్కేలు గ్రంథంలో దేవుడు వాపోతాడు. ఏటిగట్టుకు గండి పడితే ఏమవుతుందో 1986 వరద చూసిన లంక ఊళ్ళకు వేరే చెప్పాలా? ఆ వాక్యానికి అందరికంటే ఎక్కువ ఏడ్చిన పెద్దమనిషి, కిందటి వేసవిలో అదే గట్టు మట్టి రాత్రిపూట ట్రాక్టర్లతో తోలించి ఇంటి స్థలం మెరక చేసుకున్నాడు. గట్టును కాపాడు దేవా అని మోకాళ్ళ మీద పడ్డాడు గానీ మట్టి మాట ఎత్తలేదు. ఎన్ని ట్రక్కులో దేవుడికి చెప్పాలా? గేటుతో కలిపి చెప్పింది ప్రహరీ లెక్క మాత్రమే.

ఆయన పక్కనే రొయ్యల చెరువుల ఆసామి. అవినీతి పాలకుల నుంచి ఈ దేశాన్ని విడిపించమని గొంతు పోయేలా ప్రార్థించాడు. ఇంటికెళ్ళే దారిలో చెరువు తూము ఎత్తి, ఉప్పునీళ్ళు మురుగు కాలువలోకి వదిలి వెళ్ళాడు. ఆ కాలువ కిందే కౌలురైతు పొలం.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా పశ్చాత్తాపానికీ సరిగ్గా ఇదే పద్ధతి. మొదటి హెచ్చరికకు నాయకుల పాపాలు, రెండోదానికి ఇరిగేషన్ అధికారుల పాపాలు, మూడోదానికి ఎగువ ఊళ్ళవాళ్ళ పాపాలు ఒప్పుకుంటాం. మా వంతు వచ్చేసరికి వరద తగ్గుముఖం పడుతుంది, హెచ్చరిక ఉపసంహరిస్తారు. బైబిల్లో యోనా ప్రవక్త హెచ్చరిక విని నీనెవె రాజు సింహాసనం దిగి, గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడట. మేం సోఫా ఎందుకు వేశామని అడక్కండి, అది అద్దె సోఫా.

చివరి రాత్రి అయ్యగారు, యేసును కలిసి మారిన సుంకరి, అంటే పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ ఎత్తుకోవడంతో ఇబ్బంది వచ్చిపడింది. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు జక్కయ్య. మరి ఎన్నికలప్పుడు ఓటుకు తీసుకున్న డబ్బు మాటేమిటని ఒక కుర్రాడు అడిగేశాడు. ప్రేమ విందు దగ్గర ఇక అదే చర్చ.

"రెండు పార్టీల దగ్గరా తీసుకున్నామండి. అయితే ఎనిమిదంతలా?"

"అదేం లేదండి. ఎవరికి ఓటేశామో వాళ్ళది కష్టార్జితం కిందికొస్తుంది. రెండోవాళ్ళదే పాపం."

"తిరిగిచ్చామనుకోండి, మనం అవతల పార్టీలో చేరిపోయామనుకోరూ? పింఛను ఆగిపోతే ఎవరిస్తారండీ?"

అయ్యగారు ఏదో చెప్పబోయారు గానీ, పులిహోర అయిపోతోందని ఎవరో కేక వేయడంతో సభ అటు మళ్ళింది. తర్వాత విషయం లోతుగా పరిశీలించడానికి సబ్ కమిటీ వేశారు. గట్టు మట్టి తోలించిన పెద్దమనిషే చైర్మన్. పంచాయతీ ఎన్నికల్లో పంపకాలు పూర్తయ్యాక, మొత్తం లెక్క ఒకేసారి తేలుతుంది కాబట్టి, అప్పుడే మొదటి సమావేశం పెట్టుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.