జీతాల లెక్క తప్పిన సామ్రాజ్యం

మొఘల్ సామ్రాజ్యం ఎందుకు కూలిందంటే మనకు రెండు జవాబులు నోటికి వచ్చేస్తాయి. ఔరంగజేబు మతమౌఢ్యం ఒకటి, ఆయన వారసుల చేతకానితనం ఇంకొకటి. రెండూ పూర్తిగా అబద్ధాలు కావు. కానీ 1679లో జిజియా (ముస్లిమేతరుల మీద పన్ను) మళ్లీ విధించాక కూడా పెద్ద మన్సబుదారుల్లో, అంటే పాదుషా కొలువులో హోదా పొందిన అధికారుల్లో, హిందువుల వాటా తగ్గకపోగా పెరిగింది. మహమ్మద్ షా విలాసాలంటారా, ఆయన గద్దెనెక్కింది 1719లో. ఇల్లు అప్పటికే గుల్లయింది. అసలు జబ్బు యుద్ధభూమిలో కన్నా, దర్బారులో కన్నా, దివాన్ కచేరీ (శిస్తు లెక్కల కార్యాలయం) దస్త్రాల్లో స్పష్టంగా కనబడుతుంది.

ఆ దస్త్రాలు పనిచేసే తీరు ఇది. ప్రతి మన్సబుదారుకూ రెండు అంకెలుండేవి. జాత్ అతని సొంత జీతాన్ని, సవార్ అతను పోషించాల్సిన గుర్రపుదళాన్ని నిర్ణయిస్తాయి. చాలామందికి జీతం నగదుగా రాదు. అంత శిస్తు వచ్చే పరగణాలను జాగీరుగా రాసిచ్చేవారు. శిస్తు అంచనాను జమా అనేవారు, దాన్ని దాముల్లో కట్టేవారు. రూపాయికి 40 దాములు. ఒక అమీరు జీతం ఏడాదికి లక్ష రూపాయలనుకుందాం. 40 లక్షల దాముల జమా ఉన్న పరగణాలు అతని పేర రాస్తారు. కాగితం మీద లెక్క సరిపోయింది. పొలం నుంచి నిజంగా వసూలయ్యేది, అంటే హాసిల్, మాత్రం అందులో సగమే ఉండొచ్చు.

ఈ తేడా షాజహాన్ కాలానికే అందరికీ తెలుసు. దాన్ని దాచిపెట్టకుండా నెలల్లో కొలిచారు. జమాలో సగం వచ్చేది ఆరునెలల జాగీరు, మూడోవంతు వచ్చేది నాలుగునెలల జాగీరు. ఆదాయం తగ్గినకొద్దీ దళం బాధ్యతనూ తగ్గించారు. జాగీరున్న సుబా (రాష్ట్రం)లోనే కొలువైతే సవార్ సంఖ్యలో మూడోవంతు, వేరేచోటైతే నాలుగోవంతు, మధ్య ఆసియాలోని బల్ఖ్ మీద దండయాత్రలో ఐదోవంతు చూపిస్తే చాలు. అంటే వెయ్యి సవార్ల హోదా ఉన్నవాడు హాజరీకి 333 మందినో 250 మందినో తెస్తే తప్పులేదు. గుర్రాలకు ముద్ర, రౌతులకు ఆనవాళ్ల పట్టీ ఉండేవి కాబట్టి ఆ తగ్గించిన సంఖ్యయినా నిలిచేది. నా దృష్టిలో ఇది తెలివైన సర్దుబాటు. అయితే హోదాలు పెరగకుండా, పంచడానికి భూమి ఉన్నంతకాలమే అది నడుస్తుంది.

దక్కను ఈ రెండు షరతులనూ దెబ్బతీసింది. 1686లో బీజాపూరు, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687 సెప్టెంబరులో గోల్కొండ పడిపోయాయి. గోల్కొండ సుల్తాను తానాషాను దౌలతాబాదు కోటకు పంపేశారు. కానీ ఓడిన రాజ్యాల సర్దార్లను ఊరికే వదిలేస్తే మరాఠాల్లో కలుస్తారు. మరాఠా సర్దార్లను విడదీయాలన్నా మన్సబే ఎర. వెయ్యి జాత్, ఆపై హోదా ఉన్నవారు 1658–78 మధ్య 486 మంది అయితే, 1679–1707 మధ్య 575 మంది. వీరిలో మరాఠాలు 27 నుంచి 96కు పెరిగారు. తలకాయల లెక్క చూస్తే పెద్ద పెరుగుదలగా అనిపించకపోవచ్చు. ఉన్నవాళ్ల హోదాలు కూడా పైకి పాకాయన్నది మరిచిపోకూడదు.

భూమి లేదా అంటే, ఉంది. గోల్కొండ రాజ్యం సంపన్నమైనదే. కానీ కొత్తగా గెలిచిన నేలలో మంచి భాగాన్ని జాగీర్లకు ఇవ్వకుండా, యుద్ధ ఖర్చు కోసం ఖాల్సా (శిస్తు నేరుగా పాదుషా ఖజానాకు చేరే భూమి) కింద, పంచకుండా నిలిపి ఉంచిన పాయిబాకీ కింద అట్టేపెట్టారు. కారణం అర్థమయ్యేదే. తమిళ దేశంలో మరాఠాల చేతిలో ఉన్న జింజీ కోట ఒక్కటే 1690 నుంచి 1698 దాకా దండును తినేసింది. ఆ తర్వాత సతారా, పన్హాలా, విశాల్‌గఢ్, తోర్ణా. వీటిలో కొన్ని కోటలు ఫిరంగులకు కాదు, కిల్లేదారు (కోట అధికారి)కిచ్చిన డబ్బుకు లొంగాయి. ఫలితం, మన్సబు చేతికొచ్చినా జాగీరు రాక ఏళ్ల తరబడి ఎదురుచూసే గుంపు. దానిమ్మపండు ఒకటి, రోగులు వందమంది అని ఔరంగజేబే వాపోయాడు.

చివరికి జాగీరు వచ్చినా ఎన్నాళ్లు? మూడు నాలుగేళ్లకోసారి బదిలీ. కేటాయింపు ఖరీఫ్ నుంచో రబీ నుంచో మొదలవుతుంది. కొత్తవాడి అమీలు (వసూలుదారు) పరగణాకు చేరి, లెక్కలు రాసే దేశ్‌పాండే దగ్గరి పద్దులు తెలుసుకునేలోగా ఒక పంట చేజారుతుంది. ఉన్నంతలో పిండుకోవడమో, పరగణా పెద్దయిన స్థానిక దేశ్‌ముఖ్‌తో సగానికి రాజీపడటమో తప్ప వేరే దారి లేదు. పైగా మరాఠాలు చౌత్, అంటే శిస్తులో నాలుగోవంతు, అడుగుతారు. దాంతో రౌతుల సంఖ్య కాగితానికే పరిమితమైంది. 1708లో తిరుగుబాటుదారు సర్వాయి పాపన్న ఓరుగల్లును దోచుకోగలగడానికి అతని సాహసంతోపాటు హైదరాబాద్ సుబాలో అతన్ని ఆపగల దళం లేకపోవడమూ కారణమే.

1707లో ఔరంగజేబు పోయిన తర్వాతి కథ వేగంగా నడిచింది. సింహాసనం కోసం కొట్లాడే ప్రతివాడూ మద్దతుదార్లకు హోదాలు, ఖాల్సా గ్రామాలు పంచాడు. ఫర్రుఖ్‌సియర్ హయాంలో ఖాల్సా వసూళ్లను ఇజారాకు (గుత్తకు) వేలం వేశారు. ఇజారాదారుకు వచ్చే ఏడాది పంటతో పనేముంది? 1719లో దక్కను ఆరు సుబాల మీద చౌత్ 25 శాతం, దానికి అదనంగా సర్దేశ్‌ముఖీ 10 శాతం మరాఠాలకు ఫర్మానా ద్వారానే దక్కాయి. ఆ ఏడాది ఢిల్లీ గద్దె మీద నలుగురు పాదుషాలు కనబడ్డారు.

మందు తెలిసినవారు లేకపోలేదు. బెంగాల్‌కు వెళ్లేముందు హైదరాబాద్ దివానుగా పనిచేసిన ముర్షిద్ కులీ ఖాన్, బెంగాల్ జాగీర్లను ఒడిశాకు మార్చి, సారవంతమైన నేలను ఖాల్సా చేసి, ఏటా కోటి రూపాయలకు పైగా పంపాడు. 1722లో వజీరైన నిజాం ఉల్ ముల్క్ ఇజారా ఆపాలని, అన్యాక్రాంతమైన ఖాల్సా గ్రామాలను వెనక్కి తీసుకోవాలని పట్టుబట్టాడు. ఆ గ్రామాలు తింటున్నవాళ్లే పాదుషా చుట్టూ ఉన్నారు. నిజాం విసిగిపోయి దక్కను దారి పట్టి, 1724 అక్టోబరులో శకర్‌ఖేడా దగ్గర హైదరాబాద్ సుబేదారు ముబారిజ్ ఖాన్‌ను ఓడించాడు. నాణేల మీద పాదుషా పేరు అలాగే ఉంచాడు గానీ, దక్కనులో ఎవరికి ఏ జాగీరన్నది ఇక తానే తేల్చాడు. 1739లో కర్నాల్‌లో ఇరాన్ పాలకుడు నాదిర్ షా ఎదుర్కొన్నది, సుబాల రాబడి చేజారిన ఈ ఢిల్లీనే.