వేడి రిసెప్టర్ టీఆర్‌పీవీ1 గారికి, దేవరకొండ నుంచి ఒంటికన్నుతో

అయ్యా, నమస్కారం.

వేడిని పసిగట్టే ప్రొటీన్ అయిన తమరు నా నాలుకలో, చర్మంలో, ముఖ్యంగా ఈ కుడికంట్లో, నొప్పి నరాల కొసల దగ్గర వాచ్‌మన్‌లా కూర్చుంటారని తెలుసు. సుమారు 43 డిగ్రీల వేడి దాటితే తలుపు తీయాలి, సోడియం, కాల్షియం లోపలికి దూరాలి, నరంలో కరెంటు పుట్టాలి, మెదడుకు కబురు పోవాలి. ఇదే కదా సార్ తమరి డ్యూటీ?

నిన్న పొద్దున ఏడాది కారం కోసం రెండు కిలోల ఎండుమిరపకాయల తొడిమెలు తీసి గిర్నీలో పట్టించుకొచ్చాను. చేతులు రెండుసార్లు కడిగాను కూడా (మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నూనెకు కరుగుతుంది గానీ నీళ్లకు లొంగదట, ఆ సంగతి రాత్రి తెలిసింది). తర్వాత ఈకేవైసీ కోసం రేషన్ షాపు ముందు రెండు గంటలు లైన్లో నిలబడ్డాను. నా వేలిముద్ర పడలేదు, అది ఎప్పుడూ పడదు. "అయితే మెషిన్‌కు కన్ను పెట్టు అన్నా" అన్నాడు డీలర్. చెమట కారుతోందని కన్ను తుడుచుకున్నాను, అంతే.

సార్, అక్కడ నిప్పెక్కడుంది? క్యాప్సైసిన్ వచ్చి తమరి మీద వాలితే ఇల్లు తగలబడుతోందని మెదడుకు ఫోన్ కొట్టారు, మెదడు ఫైరింజన్ పంపింది, అది నా కళ్లలోంచే నీళ్లు కొట్టింది. "జర పెద్దగ తెరువు అన్నా" అని డీలర్ బతిమాలుతున్నాడు, రెప్ప లేవదు. వెనకున్న అవ్వ "ఎందుకు ఏడుస్తున్నవు బిడ్డా, కార్డుల పేరు పోయిందా?" అని కొంగు అందించింది. ఇంతలో పన్నెండైంది, షాపు కట్టేశారు.

నిప్పుకీ మిరపకాయకీ తేడా తెలియదా నీకు? మా జామచెట్టు మీది చిలక పచ్చిమిరపకాయను కాలితో పట్టుకుని తీరిగ్గా కొరుక్కుతింటుంది. పక్షుల్లోనూ నీ చుట్టమే ఉన్నాడు, వేడికి లేస్తాడు, క్యాప్సైసిన్‌ను మాత్రం లెక్కచేయడు. చిలక వాచ్‌మన్‌కున్న బుద్ధి నీకు లేకపాయె! ఆ 43 గీత ఒకటి, ఎవరు గీశారో గానీ, మే నెలలో నల్లగొండ బస్టాండులో ఇనుప కుర్చీ మీద కూర్చుని చూడు. చల్లదనం చూసుకునే మీవాడు టీఆర్‌పీఎం8 కూడా అంతే, మెంథాల్ బిళ్ల చప్పరిస్తే చలి అంటాడు. ఖాందానే అట్లాంటిది.

1997లో నీ జన్యువును పట్టుకున్న శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్‌లో వాటా వచ్చింది. నాకు "రేపు రా అన్నా" వచ్చింది.

రాత్రి జొన్నరొట్టెలోకి పచ్చిమిరపకాయ తొక్కు చేశారు. నాలుక మీద మళ్లీ నువ్వే, మళ్లీ అదే కేక. ముక్కు కారుతోంది, చెవులు వేడెక్కాయి. ఆ మంటకు మెదడు హాయినిచ్చే ఎండార్ఫిన్లు వదులుతుందంటారు, అందుకేనేమో మూడో రొట్టె అడిగాను. అక్కడ ఎంతైనా అరుచుకో, నేనేమీ అనను. కంటి డ్యూటీకి మాత్రం రేపు పదింటికల్లా సెలవు పెట్టు. వేలిముద్ర రేపూ పడదు.