ప్రోనోటు మీద అడిగే వడ్డీ లెక్క క్రెడిట్ కార్డు మీద ఎందుకు అడగం?

బెజవాడలోనో గుంటూరులోనో వడ్డీ లెక్క రాని మనిషి దొరకడం కష్టం. రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెస్తే ఏడాదికి డెబ్బై రెండు వేలని, బడి మొహం చూడని పెద్దావిడ కూడా నోటితోనే చెప్పేస్తుంది. బ్యాంకులో ముప్పావలా వడ్డీకి బంగారం పెట్టడం, తెలిసినవాళ్ల దగ్గర రూపాయిన్నరకు ప్రోనోటు రాయడం, చీటీ ఏ నెలలో పాడుకుంటే ఎంత పోతుందో బేరీజు వేసుకోవడం ఇక్కడి ఇళ్లలో రోజూ వినపడే మాటలే. ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీ అన్నారంటే, అంత అవసరం ఏమొచ్చిందని ఇంటిల్లిపాదీ నిలదీస్తారు. అదే ఇంట్లో ఎవరి పర్సులోనో అంతకంటే ఎక్కువ వడ్డీ అప్పు ఉంటే మాత్రం ఎవరూ అడగరు. ఎందుకంటే దాన్ని ఎవరూ రూపాయల్లో చెప్పలేదు.

చెప్పుకుందాం. చాలా క్రెడిట్ కార్డులకు బాకీ మిగిల్చుకుంటే నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ పడుతుంది. మధ్యస్థంగా మూడున్నర అనుకుందాం. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయల బాకీకి నెలకు వడ్డీ 3,500, పన్ను 630. అంటే నూటికి నెలకు నాలుగు రూపాయల 13 పైసలు. ఏడాదికి 49 రూపాయల పైమాటే. అదీ కట్టని వడ్డీ అసలులో కలిసిపోయే చక్రవడ్డీ.

దీనికి చట్టం అడ్డు ఉందేమో అనుకునేవాళ్లున్నారు. ఏడాదికి 30 శాతం దాటి వసూలు చేయకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పిన మాట నిజమే. ఆ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. ఇప్పుడు ఆ గీత కూడా లేదు.

2015 డిసెంబరులో కాల్‌మనీ, అంటే ప్రైవేటు వడ్డీ వ్యాపారుల అప్పుల వ్యవహారం బయటపడినప్పుడు విజయవాడ అట్టుడికింది. అధిక వడ్డీలు, బెదిరింపులు, ఆడవాళ్లను వేధించిన తీరు చూసి రాష్ట్రమంతా ఛీ అంది. బ్యాంకు కార్డును ఆ దౌర్జన్యంతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఇక్కడ రిజర్వ్ బ్యాంకు నిబంధనలున్నాయి, ఫిర్యాదు చేసే చోటుంది. కానీ వడ్డీ వరకే మాట్లాడుకుంటే, వీధి అప్పులో మనకు కోపం తెప్పించే సంఖ్యే బిల్లు మీద అచ్చయి వస్తే కిమ్మనకుండా కట్టేస్తున్నాం.

కట్టేది కూడా మినిమమ్, అంటే ఆ నెలకు తప్పక కట్టాలని బ్యాంకు అడిగే కనీస మొత్తం. "మినిమమ్ కట్టేశాను, టెన్షన్ లేదు" అన్న మాట ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అత్యంత ఖరీదైన వాక్యం ఇదే. పైన చెప్పిన లక్ష బాకీనే తీసుకోండి. కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడలేదనుకుందాం. నెల తిరిగేసరికి బాకీ 1,04,130 అవుతుంది. అందులో 5 శాతం మినిమమ్ అంటే దాదాపు 5,200. అది కట్టాక మిగిలేది 98,900 పైచిలుకు. ఐదు వేల రెండొందలు జేబులోంచి పోతే అసలు తగ్గింది వెయ్యి రూపాయల చిల్లర. ఇలాగే ప్రతి నెలా తు.చ. తప్పకుండా కట్టుకుంటూ పోతే బాకీ సగానికి, అంటే యాభై వేలకు రావడానికి ఐదేళ్ల నాలుగు నెలలు పడుతుంది. ఆ లోపు కట్టిన మొత్తం దాదాపు రెండు లక్షల నలభై వేలు. ఇంకా యాభై వేలు అలాగే ఉంటుంది.

అదే మనిషి మినిమమ్ సంగతి పక్కన పెట్టి, నెలకు పదివేల చొప్పున కడితే పద్నాలుగో నెలలో బాకీ తీరిపోతుంది. మొత్తం కట్టేది లక్షా ముప్పై రెండు వేల లోపే. బిల్లు తగ్గేకొద్దీ మినిమమ్ కూడా తగ్గిపోవడంలోనే మెలిక ఉంది. భారం తగ్గిందనిపిస్తుంది, నిజానికి పెరుగుతున్నది గడువు. పైగా పాత బాకీ మిగిలి ఉన్నన్నాళ్లూ కొత్తగా గీకిన వాటికి వడ్డీ లేని రోజులు ఉండవు. కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీసినా అంతే, పైన ఫీజు అదనం.

ఇక రొటేషన్. ఈ రెండు ఊళ్లలో కార్డులున్నవాళ్లకు దీని గురించి చెప్పనక్కర్లేదు. డ్యూ డేట్‌కు చేతిలో డబ్బు లేకపోతే ఒకాయన మన బిల్లు కట్టేస్తాడు. లిమిట్ మళ్లీ తెరుచుకోగానే తన స్వైపింగ్ మెషిన్ మీద మన కార్డుతో అంత మొత్తం గీకేసుకుంటాడు. నూటికి రెండో మూడో కమీషన్. దీన్ని సమర్థించేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. నాలుగు రూపాయల వడ్డీ కంటే రెండున్నర కమీషన్ చవకే కదా, అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ స్కోరు కూడా చెడదు కదా అంటారు. లెక్క వరకు నిజమే. కానీ లక్షకు నెలకు రెండున్నర వేలు, ఏడాదికి ముప్పై వేలు పోయాక కూడా లక్ష లక్షలాగే ఉంటుంది. అసలు ప్రమాదం మరోచోట ఉంది. సరుకు లేకుండా గీకడం కార్డు షరతులకు విరుద్ధం. నెలనెలా ఒకే మెషిన్ మీద, లిమిట్ అంచు దాకా గీకుతుంటే బ్యాంకు కళ్లలో పడుతుంది. బిల్లు కట్టిన మర్నాడే లిమిట్ కోసేసిందో, కార్డు ఆపేసిందో అనుకోండి. బ్యాంకు బాకీ పోయి, ఆ సాయంత్రానికే తన డబ్బు కావాలనే మనిషి గుమ్మంలో ఉంటాడు. అప్పుడు రాసేది ప్రోనోటే.

ఇక్కడి ఆదాయాల తీరు కూడా చూడాలి. క్రెడిట్ కార్డు ఒకటో తారీఖు జీతగాడి కోసం తయారైన వస్తువు. గుంటూరు మిర్చి యార్డు మీద బతికే కుటుంబాలకు డబ్బు ఆడేది ప్రధానంగా ఫిబ్రవరి నుంచి మే దాకా. వన్‌టౌన్ బట్టల వ్యాపారికి పండగలు, పెళ్లిళ్లే సీజన్. ఆటోనగర్‌లో మెకానిక్‌కు ఒక నెల బాగుంటే ఇంకో నెల అంతంతమాత్రం. డ్యూ డేట్‌కు సీజన్ తెలియదు. అలాంటివాళ్లు కార్డు తీసుకోకూడదని కాదు. వచ్చే నెల ఖాతాలో కచ్చితంగా ఉండే డబ్బెంతో, తమ సొంత లిమిట్ అంతే అనుకోవాలి. బ్యాంకు ఇచ్చిన రెండు లక్షల లిమిట్ ఆస్తి కాదు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి తగిలించే వీలొచ్చింది కాబట్టి టీ కొట్టు దగ్గరా అప్పే స్కాన్ అవుతోంది. సౌకర్యమే, కానీ కార్డు బాకీ ఉన్నవాళ్లు ముందుగా తీసేయాల్సింది ఆ లింకునే.

సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఆసుపత్రి కౌంటర్ ముందు నిలబడ్డవాడికి ఈ లెక్కలు చెప్పడం దుర్మార్గం. అక్కడ గీకాల్సిందే. మాట్లాడుకోవాల్సింది తర్వాతి నెల గురించి.

ఆ తర్వాతి నెల చేయాల్సినది మనవాళ్లకు కొత్త విద్యేమీ కాదు. ఎక్కువ వడ్డీ అప్పును తక్కువ వడ్డీ అప్పుతో తీర్చడం. బీరువాలో బంగారం ఉంచుకుని కార్డుకు నాలుగు రూపాయల వడ్డీ కడుతున్న ఇళ్లు చాలానే ఉంటాయి. తాకట్టంటే నామోషీ, కార్డు బాకీ ఎవరికీ కనపడదు కాబట్టి మర్యాద. ఆ మర్యాద ఖరీదు ఎంతో చూడండి. బ్యాంకులో రూపాయి లోపు వడ్డీకి బంగారం పెడితే లక్షకు ఏడాదికి పన్నెండు వేలు దాటదు, కార్డు మీదైతే యాభై వేలకు దగ్గర. అయితే బంగారం పెట్టి కార్డు సున్నా చేసి, ఆరు నెలల్లో మళ్లీ కార్డు నింపుకున్నవాళ్లకు రెండు అప్పులవుతాయి. అందుకే బాకీ తీర్చిన రోజే లిమిట్ తగ్గించమనో, కార్డు మూసేయమనో అడగాలి. బాకీ లేని కార్డును మూయమంటే ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున వినియోగదారుడికి ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు 2022లో పెట్టిన నిబంధన ఇది.

మూడు నాలుగు కార్డులున్నవాళ్లు దేన్ని ముందు తీర్చాలని అడుగుతుంటారు. ఎక్కువ వడ్డీదే ముందన్నది పుస్తకం మాట. కార్డుల మధ్య వడ్డీ తేడా అంతంతమాత్రమే కాబట్టి, చిన్న బాకీ ముందు తీర్చి ఒక డ్యూ డేట్ తగ్గించుకోవడమే మేలని నా అభిప్రాయం. సెటిల్‌మెంట్ చేసుకుంటే సగం మాఫీ అనే ఫోన్లకు మాత్రం తొందరపడకూడదు. సిబిల్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడితే రేపు ఇంటి లోను దగ్గర అది అడ్డొస్తుంది. నిజంగా కట్టలేని స్థితిలో ఉంటే వేరు. కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, చుట్టాల ముందు పరువు తీయకూడదు. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దాకా వెళ్లవచ్చు. అడిగి తెలుసుకోవడానికి 14448 నంబరుంది.

రిజర్వ్ బ్యాంకు చేయాల్సిన పనీ ఒకటి మిగిలే ఉంది. అమెరికాలో 2009 నాటి చట్టం ప్రకారం, మినిమమే కడుతూ పోతే ఈ బాకీ తీరడానికి ఎంతకాలం పడుతుందో, మొత్తం ఎంత కట్టాలో, మూడేళ్లలో తీర్చాలంటే నెలకెంతో ప్రతి బిల్లు మీదా వేయాలి. మన బిల్లు మీద ఉండేది, మినిమమే కడితే నెలలూ ఏళ్లూ సాగుతుందనే ఒక సాధారణ హెచ్చరిక. ఎవరి బాకీ లెక్క వాళ్ల బిల్లు మీద వేయడం బ్యాంకుల కంప్యూటర్లకు క్షణం పని. ఆ సంఖ్యను మినిమమ్ డ్యూ పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, కోరినవారికి తెలుగులో అచ్చు వేయమని ఆదేశించాలి.