ప్రధానోపాధ్యాయుల గదిలోని ఇనుప బీరువాకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ బీరువా గారికి నమస్కరించి వ్రాయునది.

నిన్న మధ్యాహ్నం రెండు గంటల నుంచి బడి విడిచే గంట కొట్టేదాకా, ఒకటో తరగతి పిల్లల బల్ల మీద మోకాళ్లు గడ్డానికి ఆనేటట్టు కూర్చుని తమరి దర్శనం చేసుకున్నది నేనే. తమరి తాళంచెవి కిందటి బదిలీల్లో వెళ్లిపోయిన హెడ్మాస్టరు గారి దగ్గర ఉందని మొదట చెప్పారు. కాదు, అంతకు ముందు రిటైరైన మేడమ్ గారి దగ్గర ఉందన్నారు. చివరకు హుద్‌హుద్‌లో పోయిందన్నారు. 2014 అక్టోబరు 12 నాటి ఆ తుపాను విశాఖలో చెట్లనూ రేకులనూ ఎత్తుకుపోవడం కళ్లారా చూశాను గాని, బీరువాను వదిలి తాళంచెవిని మాత్రం ఏరుకుపోయిందని తమరి సన్నిధిలోనే విన్నాను.

పేట వాళ్లం ఈ బడి చరిత్ర రాద్దామని కూర్చుని, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం. స్థాపించిన సంవత్సరం ఏది? గేటు మీది పాత అంకెలు సున్నం పొరల కిందకు పోయాయి. 1979లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయినప్పుడూ, 2005లో గ్రేటర్ అయినప్పుడూ బోర్డు మార్చిన వారెవరికీ ఆ అంకెలు గుర్తు రాలేదు. సర్కారు బడులకు మరమ్మతులు చేసిన నాడు-నేడు పథకం రంగుల తరవాత, ప్రతి బడికీ ఇచ్చే పదకొండు అంకెల గుర్తింపు సంఖ్య, అదే యూడైస్ కోడ్, మిగిలింది. మరుగుదొడ్లకు మాత్రం తేదీతో సహా శిలాఫలకం ఉంది.

మా నాయనమ్మ ఇక్కడ రెండో తరగతిలో ఉండగా, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి. మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయిన జనంలో ఆమె కూడా ఉంది. తిరిగొచ్చాక మళ్లీ బడిలో చేరిందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. తమరి కడుపులో ఉన్న అడ్మిషన్ రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా, రిమార్కుల గడిలో, అప్పటి మాస్టారు రాసిన రెండు ముక్కలు చూడాలని ఉంది. ఆ పుటలో అలాంటి గడులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలని ఉంది.

ఎన్నికలకొకసారి తమరి తలుపు మీద పోలింగ్ కేంద్రం కాగితం అంటిస్తారు, చింపరు. దాని మీదే ఇంకొకటి అంటిస్తారు. 2022లో 117వ జీవో పుణ్యమా అని మూడు, నాలుగు, ఐదు తరగతులు హైస్కూలుకు తరలిపోయినప్పుడు బల్లలు కూడా వెళ్లాయి గాని తమరు కదలలేదు.

ఇక మర్యాద నా వల్ల కాదు. ఒసే బీరువా, వేలమంది పిల్లల పుట్టినతేదీలు మింగి కూర్చున్నావు, ఒక్క ముసలమ్మ పేరు కక్కడానికి నీకేం పోయింది? ఎనభై ఏళ్ల కిందటి సిరాను బొద్దింకలకు అప్పజెప్పి, ఆ పచ్చ రంగుతో పెద్దమనిషిలా నిలబడడానికి సిగ్గుగా లేదూ?

పోయే ముందు నీ తలుపుల సందులోంచి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. కింది అరలో ఎర్ర క్యాలికో అట్ట అంచు కనబడింది. పురికొసతో కట్టి ఉంది. కట్టిన చేయి ఎవరిదో గాని, ముడి మాత్రం జాగ్రత్తగా వేశారు.

సోమవారం పూర్ణా మార్కెట్ నుంచి తాళాలు బాగుచేసే అతన్ని తీసుకొస్తున్నాను. అనుమతి కాగితం మీద హెడ్మాస్టరు గారి సంతకం అయింది. ఆటో ఛార్జీ నాదే.

ఇట్లు,
రెండో తరగతి విద్యార్థిని మనవడు